సొంత అచ్చు, ఉమ్మడి సంకేతం: తెలుగు ముద్రణరంగంలో సాంకేతికత ఎంపిక

ఉపోద్ఘాతం

ఏ పరిశ్రమకైనా కొత్త సాధనం అవసరమైనప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. తన పనికి తగినట్లు ప్రత్యేకంగా చేయించుకోవడం ఒకటి. అంగడిలో సిద్ధంగా ఉన్నదానిని కొని, తన పనిని దానికి సర్దుకోవడం మరొకటి. మొదటి దారిలో ఖర్చూ కాలమూ ఎక్కువ, పనికి అమరిక కూడా ఎక్కువే. రెండవ దారిలో ధర తక్కువ. కానీ ఆ సాధనం మొదట ఎవరి అవసరం కోసం పుట్టిందో వారి అలవాట్లు దానిలో ఇమిడి ఉంటాయి. తెలుగు ముద్రణ పరిశ్రమ ఈ ఎంపికను రెండున్నర శతాబ్దాలకు పైగా పదే పదే ఎదుర్కొంటూ వచ్చింది.

తెలుగు ముద్రణను గురించిన అధ్యయనాలు ఎక్కువగా తొలి గ్రంథాలు, ముద్రాపకులు, పత్రికల చుట్టూ సాగాయి. సాధనాన్ని ఎందుకు ఎంచుకొన్నారు, ఆ ఎంపిక భాషకు ఏమి మిగిల్చింది అన్న ప్రశ్నకు దక్కవలసినంత చోటు దక్కలేదు. లోహపు అక్షరాల కాలం నుండి యూనికోడ్ కాలం వరకు ఈ ఎంపిక ఎలా సాగిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. లోహయుగంలో ఏ అచ్చును ఎంచుకొన్నా దాని మంచిచెడులు ముద్రణాలయం వరకే పరిమితమయ్యాయి. కంప్యూటరు వచ్చిన తరువాత అదే ఎంపిక భాషాసంపద భవిష్యత్తును నిర్ణయించేదిగా మారింది. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల ఇటీవలి రెండు దశాబ్దాల తెలుగు రచన చాలా వరకు పరిశోధకునికి అందని స్థితిలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

లోహయుగం: అచ్చు ఎవరిదైనా పుట అందరిది

తెలుగు అక్షరాలు మొదట అచ్చైనది తెలుగునేలపై కాదు. మద్రాసులో మతప్రచారకుడుగా పనిచేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ జర్మనీకి తిరిగి వెళ్లిన తరువాత, హాలె నగరంలో తెలుగు అక్షరాలను పోతపోయించి 1746-47 సంవత్సరాలలో క్రైస్తవ మతగ్రంథాలను ముద్రించాడు. కొనుక్కోవడానికి సిద్ధంగా తెలుగు అచ్చు ఎక్కడా లేని కాలం అది. చేయించుకోవడం తప్ప మరో మార్గం లేదు.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ఈ పని బెంగాలులోని శ్రీరాంపూరుకు, మద్రాసుకు చేరింది. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపూరు నుండి వెలువడింది. 1812లో స్థాపితమైన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల తన ముద్రణాలయంలో 1816లో ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించింది. ఈ సంస్థలు అక్షరాలను స్వయంగా చేయించుకొన్నాయి. ఆ పనిలో మూడు దశలు ఉండేవి. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని చెక్కడం మొదటిది. ఆ కడ్డీతో రాగిపై కొట్టి మాతృకను తయారుచేయడం రెండవది. మాతృకలో కరిగిన సీసాన్ని పోసి అక్షరాలను తీయడం మూడవది. మొదటి రెండు దశలకే నైపుణ్యమూ ధనమూ ఎక్కువ కావాలి. అవి చేతిలో ఉంటే సీసపు అక్షరాలను ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు.

చేయించుకొన్న సాధనం విలువ ఏమిటో శ్రీరాంపూరు అనుభవం చెబుతుంది. 1812 మార్చిలో అక్కడి ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. కాగితం, రాతప్రతులు, అనేక భారతీయ భాషల అక్షరాలు నాశనమయ్యాయి. అయితే శిథిలాలలో ఉక్కు కడ్డీలు, మాతృకలు చెడకుండా దొరికాయి. కరిగిపోయిన లోహాన్నే మళ్లీ పోతపోసి, కొన్ని నెలలలో ముద్రణను తిరిగి ప్రారంభించగలిగారు. అక్షరాలను బయటనుండి కొని తెచ్చుకొన్న ముద్రణాలయానికి ఇది సాధ్యమయ్యేది కాదు. సాధనానికి మూలం తమ వద్ద ఉండడమే వారిని కాపాడింది.

ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో ముద్రణ తెలుగువారి వృత్తిగా విస్తరించింది. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని'ని ప్రారంభించే నాటికీ, కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయి నుండి వారపత్రికగా, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా 'ఆంధ్రపత్రిక'ను నడిపే నాటికీ స్థితి మారిపోయింది. అక్షరాల పోతశాలలు వేరు వృత్తిగా ఏర్పడ్డాయి. పత్రికలు సిద్ధంగా ఉన్న అచ్చును కొని కేసులలో నింపుకొన్నాయి. 36 హల్లులకు 12 గుణింత రూపాల చొప్పున లెక్కించినా 432 అవుతాయి. వాటికి అచ్చులు, ఒత్తులు, అంకెలు, విరామచిహ్నాలు చేర్చితే ఒక పరిమాణపు అక్షరాలకే కేసులో వందల గళ్లు కావాలి. కొన్ని గుణింతాలను విడి ముక్కలతో కూర్చి ఈ సంఖ్యను తగ్గించుకొన్నారు. అయినా కంపోజిటర్ చేయి ఏ గడిలో ఏ అక్షరం ఉందో చూడకుండా తెలుసుకోవాలి. ఆ నైపుణ్యం ఏళ్ల సాధనతో వచ్చేది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. ఒక ముద్రణాలయం అక్షరాలను చెక్కించుకొన్నా, మరొకటి కొనుక్కొన్నా, అచ్చైన పుటలో ఆ తేడా పాఠకునికి అడ్డుగా నిలవలేదు. ఒకదానిలో అక్షరం గుండ్రంగా, మరొకదానిలో సన్నగా ఉండవచ్చు. చదువు వచ్చినవాడు రెండింటినీ చదువగలడు. 1914 నాటి 'ఆంధ్రపత్రిక' సంచికను ఈనాడు తెరిచి చదవడానికి ఆ అక్షరాలను పోతపోసిన వారి అనుమతి గాని, వారి సాధనం గాని అవసరం లేదు. సాధనం ముద్రణాలయంలోనే ఉండిపోయింది. పాఠం బయటికి వచ్చింది.

టైపురైటరు: సిద్ధ యంత్రానికి లిపి సర్దుబాటు

ఇరవయ్యవ శతాబ్దిలో ఎంపిక స్వరూపం మారింది. లైనోటైపు, టైపురైటరు వంటి యంత్రాలు రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని పాశ్చాత్య దేశాలలో రూపొందినవి. వాటిని భారతీయ లిపులకు వాడుకోవాలంటే యంత్రాన్ని మార్చడం కన్న లిపిని కుదించడం సులభమనిపించింది. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ బెంగాలీలో ఉంది. 'ఆనందబజార్ పత్రిక' 1935లో లైనోటైపును ప్రవేశపెట్టినప్పుడు వందలలో ఉన్న అక్షర రూపాలను బాగా తగ్గించారు. వేగం పెరిగింది, అనేక సంయుక్తాక్షరాలు తమ సంప్రదాయ రూపాన్ని కోల్పోయాయి.

తెలుగుకు ఈ ఒత్తిడి టైపురైటరు రూపంలో బలంగా తగిలింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. కార్యాలయాలలో తెలుగు నడవాలంటే తెలుగు టైపురైటర్లు కావాలి. సుమారు 45 కీలు, ఒక్కొక్క కీకి రెండు గుర్తులు, అంటే మొత్తం 90 గుర్తులు మాత్రమే ఉండే యంత్రంలో వందలాది తెలుగు రూపాలను ఇమడ్చవలసి వచ్చింది. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటివి విడి ముక్కలయ్యాయి. అక్షరం ధ్వనికి గుర్తుగా కాక, ఒకదాని పక్కన ఒకటి పేర్చే గీతల కూర్పుగా విడిపోయింది. టైపిస్టు వేళ్లకు అలవాటైన ఈ విభజనే తరువాతి కాలంలో కంప్యూటరు కీబోర్డులకూ, ఫాంట్లకూ వారసత్వంగా సంక్రమించింది.

అయినా టైపురైటరు కూడా లోహయుగపు ధర్మాన్ని దాటలేదు. యంత్రం లోపల ఎటువంటి సర్దుబాటు జరిగినా కాగితంపై మిగిలినది తెలుగు పుటయే. ఆ పుట చదివేవానికి యంత్రంతో పని లేదు.

డీటీపీ యుగం: సిద్ధ సాఫ్ట్‌వేరుపై సొంత ఫాంటు

1980ల చివర కంప్యూటరు ముద్రణరంగంలో ప్రవేశించినప్పుడు భారతీయ భాషలకు ఒక ఉమ్మడి ప్రణాళిక సిద్ధమవుతూనే ఉంది. ఐఐటీ కాన్పూరులో మొదలై, 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థలో కొనసాగిన కృషి ఫలితంగా జిస్ట్ సాంకేతికత రూపొందింది. దానికి ఆధారమైన ఇస్కీ సంకేతపద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించింది. ఇస్కీ మూలసూత్రం సరళమైనది. బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నింటికీ వర్ణక్రమం ఒకటే గనుక, కకారం తెలుగులోనైనా దేవనాగరిలోనైనా ఒకే సంకేతాన్ని పొందుతుంది. కంప్యూటరు ధ్వనిని భద్రపరుస్తుంది. తెరపై రూపాన్ని కూర్చే పని వేరుగా జరుగుతుంది. భారతీయ వ్యాకరణ సంప్రదాయానికి దగ్గరైన ఆలోచన ఇది.

ముద్రణ పరిశ్రమ మాత్రం ఆ దారిలో నడవలేదు. దీనికి కారణం అవగాహనలేమి మాత్రమే అనడం న్యాయం కాదు. పుటలను రూపొందించడానికి అప్పట్లో అందరూ వాడినది పేజ్‌మేకర్ వంటి పాశ్చాత్య సాఫ్ట్‌వేరు. దానికి ఇస్కీ అంటే తెలియదు. గుణింతాన్ని, ఒత్తును కూర్చడం తెలియదు. తెలిసినది ఫాంటు ఒక్కటే. ఒక్కొక్క ఫాంటులో 256 స్థానాలు ఉంటాయి. రోమన్ అక్షరాలు ఉండవలసిన స్థానాలలో తెలుగు ముక్కలను అమర్చితే, సాఫ్ట్‌వేరు తాను ఆంగ్లాన్నే కూర్చుతున్నానని భావిస్తూ తెలుగు పుటను అందిస్తుంది. హైదరాబాదులో రూపొందిన అను ఫాంట్లు, పూనాలో రూపొందిన శ్రీలిపి మొదలైనవి ఈ మార్గంలో వచ్చినవే. పెద్ద దినపత్రికలు తమకంటూ ప్రత్యేకమైన ఫాంట్లను తయారుచేయించుకొన్నాయి.

దీనిని సొంత నిర్మాణం అనాలా, సిద్ధ సాధనం అనాలా? రెండూ అనవచ్చు. పునాది సిద్ధంగా కొన్నది. దానిపై కట్టినది సొంతం. వ్యాపారదృష్టితో చూస్తే ఇది తెలివైన నిర్ణయమే. ఖరీదైన సాఫ్ట్‌వేరును కొత్తగా రాయించుకోకుండా, కేవలం ఫాంటుతో దినపత్రికలు, పాఠ్యపుస్తకాలు, శుభలేఖలు వేగంగా అచ్చయ్యాయి. వీధివీధినా డీటీపీ కేంద్రాలు వెలిసి వేలమందికి ఉపాధి దొరికింది. అక్షర సౌందర్యంలో కూడా ఆ ఫాంట్లు సీసపు అక్షరాలకు తీసిపోలేదు.

లోపం మరొకచోట ఉంది. ఏ స్థానంలో ఏ ముక్కను ఉంచాలో ప్రతి తయారీదారు తనకు తోచినట్లు నిర్ణయించుకొన్నాడు. ఒక ఫాంటులో గుడి ఉన్న స్థానంలో మరొక ఫాంటులో ఒత్తు ఉండవచ్చు. పైగా అక్కడ భద్రపడేది వర్ణం కాదు, గీత. వకార రూపానికి కొమ్మువంటి ముక్కను చేర్చి మకారాన్ని కూర్చే ఫాంటును ఊహించుకొంటే, మన కంటికి కనిపించేది మకారం. కంప్యూటరులో ఉన్నది వకారపు గుర్తు, దాని పక్కన మరొక గుర్తు. ఆ ఫైలులో 'మ'తో మొదలయ్యే మాటలను వెతకమంటే కంప్యూటరు వెతకలేదు. అకారాది క్రమంలో పెట్టమంటే పెట్టలేదు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని రోమన్ అక్షరాల వరుస మాత్రమే కనిపిస్తుంది.

ఇక్కడే లోహయుగానికీ ఈ యుగానికీ మౌలికమైన భేదం ఏర్పడింది. సీసపు అక్షరం పుటను ముద్రించి కేసులోకి తిరిగి వెళ్లిపోయేది. ఫాంటు అలా వెళ్లిపోదు. దాని రహస్య పట్టికతో పాఠం ముడిపడి ఉంటుంది. సాధనాన్ని ఎంచుకొన్నామని ముద్రాపకులు భావించారు. నిజానికి వారు తమ పాఠానికి తాళం వేసి, తాళంచెవిని ఫాంటు తయారీదారు చేతిలో ఉంచారు. శ్రీరాంపూరు ముద్రాపకులకు ఉక్కు కడ్డీలు తమవే. డీటీపీ కేంద్రానికి ఫాంటు లోపలి పట్టిక తనది కాదు.

ఉమ్మడి సంకేతం: ఆలస్యమైన రాక

యూనికోడ్ తొలి ప్రమాణం 1991లోనే వెలువడింది. అందులో భారతీయ లిపుల అమరికకు ఇస్కీయే ఆధారం. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ప్రమాణం ఉన్నంత మాత్రాన అది పనికి రాదు. దానిని అర్థం చేసుకొనే నిర్వహణ వ్యవస్థ, ఫాంటు, కీబోర్డు, పుటలను కూర్చే సాఫ్ట్‌వేరు అన్నీ సమకూరాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో మొదటి మెట్టు వేసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు అందమైన రూపాన్నిచ్చాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతి, దాని బాటలో వచ్చిన లేఖిని వంటి పరికరాలు సామాన్యునికి తెలుగు రాతను అందుబాటులోకి తెచ్చాయి.

అంతర్జాలంలో తెలుగు ఇలా విస్తరిస్తుండగా ముద్రణరంగం పాత ఫాంట్లలోనే నిలిచిపోయింది. ఈ వెనుకబాటుకు స్పష్టమైన సాంకేతిక కారణం ఉంది. పేజ్‌మేకర్ చివరి రూపం 2001లో వచ్చింది. అది యూనికోడ్ తెలుగును కూర్చలేదు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 రూపంలో గాని తెలుగుతో సహా భారతీయ లిపులను స్వయంగా కూర్చే శక్తిని పొందలేదు. అంటే, కంప్యూటరుకు తెలుగు వచ్చిన పదేళ్లకు పైగా ముద్రణ సాఫ్ట్‌వేరుకు తెలుగు రాలేదు. ఈ మధ్యకాలంలో ఆపరేటర్ల వేళ్లు పాత కీబోర్డుకు స్థిరపడిపోయాయి. ఒకప్పుడు కేసులోని గళ్లను నేర్చిన కంపోజిటర్‌కు వృత్తి మారడం ఎంత కష్టమో, వీరికీ అంతే కష్టం. నేటికీ అనేక పత్రికలు, ప్రచురణ సంస్థలు వ్యాసాలను అను ఫాంట్లలోనే కోరడానికి సాంకేతిక అవసరం కన్న ఈ అలవాటే ప్రధాన కారణం.

ఉమ్మడి సాధనంలో లోపాలు లేవని కాదు. ప్రపంచ విపణి కోసం తయారైన వస్తువులో తెలుగు అనేక భాషలలో ఒకటి మాత్రమే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరానికి సంబంధించిన ఒక సంకేతవరుస ఐఫోన్లలో సందేశ అనువర్తనాలను స్తంభింపజేసిన ఉదంతం ఇందుకు నిదర్శనం. యాపిల్ సంస్థ ఆ నెలలోనే దానిని సవరించింది. తెలుగుకు సహజమైన ఒక సంయుక్తాక్షరం ఆ సంస్థ పరీక్షలకు అందకుండా పోయిందంటే, పెద్ద సంస్థల వస్తువులో చిన్న విపణికి ఎంత శ్రద్ధ దక్కుతుందో తెలుస్తుంది. ప్రమాణంలో చేర్పులు కూడా నెమ్మదిగానే జరిగాయి. దంత్య చ, జలకు, తెలుగు అవగ్రహకు, సంప్రదాయ భిన్నాంకాలకు 2008లో గాని స్థానం దక్కలేదు. పాత ముద్రణలలో విరివిగా కనిపించే నకారపొల్లు 2021లో వచ్చిన 14వ రూపంలో చేరింది. ప్రాచీన గ్రంథాలను పరిష్కరించేవారికి ఈ ఆలస్యం చిన్న విషయం కాదు.

అయితే ఈ లోపాలకూ, సొంత ఫాంట్ల లోపాలకూ గుణంలో భేదం ఉంది. ఉమ్మడి ప్రమాణంలోని లోటు ఒకసారి తీరితే అందరికీ తీరుతుంది. ముందు రాసినది చెడదు. సొంత ఫాంటులోని లోటు అది వాడిన ప్రతి ఫైలులోనూ మిగిలిపోతుంది.

మిగిలిన నష్టం

1990 నుండి 2010 వరకు తెలుగులో అచ్చైన దినపత్రికలు, వారపత్రికలు, కథాసంకలనాలు, పరిశోధన గ్రంథాలలో అత్యధిక భాగం కంప్యూటరుపైనే కూర్చినవి. కానీ కంప్యూటరు వాటిని చదువలేదు. ఆ దశాబ్దాల పత్రికాభాషలో ఒక కొత్త మాట ఎప్పుడు ప్రవేశించిందో తెలుసుకోవాలన్నా, ఒక మాండలిక ప్రయోగం ఎన్నిసార్లు కనిపించిందో లెక్కించాలన్నా, పరిశోధకుడు పుటలను చేత్తో తిప్పవలసిందే. కంప్యూటరులో పుట్టిన పుటను కాగితంపై అచ్చువేసి, మళ్లీ చిత్రంగా తీసి, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరుతో తిరిగి పాఠంగా మార్చుకోవలసిన విచిత్ర స్థితి ఏర్పడింది. 1914 నాటి పుటకూ 1998 నాటి ఫైలుకూ ఈ విషయంలో తేడా లేదు. కాగితం మిగలకపోతే ఫైలు పరిస్థితి మరింత దయనీయం.

మార్పిడి సాధనాలు వచ్చాయి. ఫైర్‌ఫాక్స్ విహరిణికి అనుబంధంగా రూపొందిన 'పద్మ' కొన్ని దినపత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడులోకి మార్చి చూపేది. అది స్వచ్ఛందంగా జరిగిన కృషి. ఒక్కొక్క ఫాంటు లోపలి పట్టికను పట్టిపట్టి పరిశీలించి తయారుచేసిన తాళంచెవి అది. ఫాంట్ల రూపాలు మారినప్పుడల్లా కొత్త తాళంచెవి కావాలి. తయారీదారు వ్యాపారం మానితే, ఫాంటు ఫైలు కూడా దొరకకపోతే, ఆ తాళం తీయడం ఎవరికీ సాధ్యం కాకపోవచ్చు.

ముగింపు

పై చరిత్ర నుండి తేలే నిర్ణయం 'సిద్ధ సాధనమే మేలు' అన్నది కాదు, 'సొంత సాధనమే మేలు' అన్నదీ కాదు. సాధనంలో రెండు పొరలను వేరుచేసి చూడాలి. అక్షర రూపం ఒక పొర. దాని వెనుక ఉన్న సంకేతం మరొక పొర. రూపాన్ని ఎవరికి వారు చేయించుకోవచ్చు. అందులో వైవిధ్యమే భాషకు అందం. సంకేతం మాత్రం అందరిదీ కావాలి. లోహయుగంలో ఈ రెండవ పొర లేదు గనుక ఎవరి అచ్చు వారిదైనా భాషకు నష్టం కలుగలేదు. డీటీపీ యుగంలో రూపంతో పాటు సంకేతాన్ని కూడా సొంతం చేసుకోవడమే నష్టానికి మూలం.

రెండు పొరలను వేరుచేస్తే ఏమి సాధ్యమో చెప్పడానికి ఉదాహరణ ఉంది. 2012 డిసెంబరులో తిరుపతిలో జరిగిన నాలుగవ ప్రపంచ తెలుగు మహాసభల కాలంలో సిలికానాంధ్ర, రాష్ట్ర ప్రభుత్వాల సహకారంతో మండలి, సూరన్న, గురజాడ, ధూర్జటి, రామభద్ర వంటి ఫాంట్లు ప్రజలకు ఉచితంగా అందాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరులో ప్రత్యేకంగా గీయించినది. అన్నింటి సంకేతం ఒకటే. వాటిలో దేనితో కూర్చిన పాఠమైనా మరొకదానిలో చెడకుండా తెరుచుకొంటుంది.

ఈ అవగాహన ఆచరణలోకి రావడానికి మొదటి బాధ్యత విశ్వవిద్యాలయ తెలుగు శాఖలదే. పరిశోధన పత్రికలు, సిద్ధాంత వ్యాసాలు యూనికోడులోనే ఉండాలన్న నియమం పెట్టడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. పాత ఫైళ్లు, వాటికి వాడిన ఫాంట్లు నశించకముందే వాటిని కలిపి సేకరించి భద్రపరచడం రెండవ పని. నిఘంటుకారులు, గ్రంథపరిష్కర్తలు ప్రమాణంలో కొరవడిన గుర్తులను గుర్తించి ప్రతిపాదనలు పంపడం మూడవది. నకారపొల్లు చేరడం అటువంటి ప్రయత్నం వ్యర్థం కాదని నిరూపించింది. శ్రీరాంపూరు అగ్నిలో అక్షరాలు కరిగినా వాటి మూలాలు మిగలడం వల్ల ముద్రణ బతికింది. నేటి తెలుగు పాఠానికి ఆ మూలం ఉమ్మడి సంకేతమే.